మితభాషి కొన్న బండి

క్లెమ్ హారోవర్ దొడ్లో పాల ట్యాంకరు ఆపి పంతొమ్మిదేళ్లు పాలు తోడుకెళ్లాను. ఆ పంతొమ్మిదేళ్లలో అతను నాతో అన్న మాటలన్నీ రాస్తే పోస్టుకార్డు నిండదు. అందరిలా "వానొచ్చేలా ఉంది" అనడు. ఆకాశం కేసి చూసి "వాన" అంటాడు. ఆవు ఈనితే "ఈనింది" అంటాడు. ఏ ఆవు ఈనిందో, పెయ్యో కోడెదూడో మనమే వెళ్లి చూసుకోవాలి. ఒక ఏడాది మిట్టా నది పొంగి, ముప్ఫై ఆవులు కింది పొలంలో గట్టు మీద చిక్కుకుపోయాయి. నాకు ఫోను చేశాడు. మా ఆవిడ ఎత్తగానే "నీళ్లు" అని పెట్టేశాడు. ఎవరో దాహంతో ఉన్నారనుకుందామె.

అలాగని పొగరు మనిషి కాదు. మనం ఏం చెప్పినా తల కాస్త పక్కకు వంచి చివరిదాకా వింటాడు. ఎస్క్‌డేల్ పబ్బులో కబుర్ల రాయుళ్లందరూ అతని పక్క స్టూలు కోసం కాచుకుని ఉండేవాళ్లు. మధ్యలో అడ్డురాని మనిషి మా లోయ మొత్తం మీద అతనొక్కడే మరి.

భార్య గ్లెనిస్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. టాలన్గట్టా పోస్టాఫీసులో కౌంటరు దగ్గర పని ఆమెది. స్టాంపు కోసం వెళ్లినవాడు ఆవిడ చెల్లెలి మోకాలి ఆపరేషను సంగతి కుట్లతో సహా తెలుసుకుని బయటపడేవాడు. పెళ్లినాడు పాస్టరు గారు ఈమెను భార్యగా స్వీకరిస్తావా అని అడిగితే క్లెమ్ తల ఊపాడట. ఆయన ఆగి మళ్లీ అడిగారట. మళ్లీ ఊపాడట. దేవుడికి తల ఊపినా సరిపోతుంది గాని ప్రభుత్వానికి మాట కావాలి బాబూ అని ఆయన బతిమాలితే, అప్పుడు "ఊఁ" అన్నాడట. ఈ కథ గ్లెనిస్ ఏటా ఒకసారైనా చెప్పేది. చెప్పి, "ఇన్నేళ్లుగా నేను రేడియోతో కాపరం చేస్తున్నాను రస్. క్లెమ్ ఆ రేడియో పెట్టుకునే బల్ల" అనేది. నవ్వుతూనే అనేది. కానీ ప్రతిసారీ ఒకేలా నవ్వేది కాదు.

అరవై ఒకటో ఏట మోకాళ్లు మొరాయించడంతో క్లెమ్ మందను అమ్మేశాడు. నూట నలభై ఆవులు ఒకే రోజు లారీలెక్కి వెళ్లిపోయాయి. తర్వాత మూడు వారాలూ తెల్లారకముందే లేచి బూట్లు తొడుక్కుని, వరండాలో ఊరికే కూర్చునేవాడట. నాలుగో వారం, కూర కంచంలో పడుతుండగా, "బండి కొంటాను" అన్నాడు. రెండు మాటలు. గ్లెనిస్ గరిటె అలాగే పట్టుకుని ఉండిపోయింది. పొలంలో తిరిగే చిన్న మోటారు సైకిలు పాతబడిందనా, ఆవులే లేకపోతే దానితో ఇప్పుడేం పని అని అడిగింది. క్లెమ్ లేచి ఆమెను దాణా గదిలోకి తీసుకెళ్లి గోనె పట్టా ఒకటి తొలగించాడు. దాని కింద మోటారు సైకిళ్ల పత్రికలు నడుమెత్తున పేర్చి ఉన్నాయి. పదకొండేళ్లవి.

ఆ సంగతి విన్నాక నాకు పాతదొకటి అర్థమైంది. వాళ్ల పొలం ఓమియో రోడ్డుకు రెండు పక్కలా ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం పాలు పితికే వేళకు మంద ఆ పక్క నుంచి ఈ పక్కకు రోడ్డు దాటాలి. సరిగ్గా అప్పుడే కొండల మీంచి దిగివచ్చే పెద్ద పెద్ద మోటారు సైకిళ్లు వరసగా ఆగిపోయేవి. తోలు బట్టల వాళ్లు పది నిమిషాలు ఆవుల వెనక భాగాలు చూస్తూ కూర్చునేవాళ్లు. క్లెమ్ గేటు పట్టుకుని తల వంచుకుని నిలబడేవాడు. రోడ్డంతా పేడ అయినందుకు మొహమాట పడుతున్నాడు పాపం అని నేననుకునేవాణ్ణి. నిజానికి అతను తల వంచి ఇంజన్లు వింటున్నాడు.

పద్దెనిమిదో ఏట తీసుకున్న లైసెన్సును అతను ఏనాడూ మురగబెట్టలేదు. అయినా ఒక రోజు శిక్షణకు వెళ్లి వస్తేనే ఒప్పుకుంటానంది గ్లెనిస్. వెళ్లి వచ్చాడు. శిక్షకుడు కాగితం మీద "చక్కగా నడుపుతారు. సందేహాలేవీ అడగలేదు" అని రాసిచ్చాడు.

వొడోంగాలో మోటారు సైకిళ్ల కొట్టుకు ముగ్గురం నా కారులోనే వెళ్లాం. అక్కడ డేన్ అని ముప్ఫై ఏళ్ల సేల్స్ మనిషి, తియ్యగా మాట్లాడతాడు. క్లెమ్ లోపలికి అడుగుపెట్టి నేరుగా ఒక నీలం రంగు బండి దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. దూరాలు తిరగడానికే చేసిన బండి అది. పెద్ద ఇంజను, ఇద్దరికి వెడల్పాటి సీటు, మీట నొక్కితే పైకి లేచి గాలిని ఆపే అద్దం. గ్లెనిస్ ఒక్క చూపు చూసి, నేను టీ తాగి వస్తానని వీధి దాటి వెళ్లింది.

"నూట అరవై గుర్రాల బలం గురూ," అన్నాడు డేన్. "ఎక్కితే దిగబుద్ధి కాదు."

క్లెమ్ బండి చుట్టూ తిరిగాడు. డేన్ దాని గుణాలు వరసపెట్టి చెప్పాడు. క్లెమ్ కిందికి వంగి ఇంజను అడుగు భాగం చూశాడు. డేన్ ఇంకొన్ని చెప్పాడు. క్లెమ్ ట్యాంకు మీద వేలితో తట్టి, చెవి ఆనించి విన్నాడు.  ధర చూసి ఆలోచిస్తున్నారేమో, ఈ నెలకు కొంచెం తగ్గించగలనన్నాడు డేన్. క్లెమ్ వెనక టైరు ముందు చతికిలబడ్డాడు. సామాను పెట్టుకునే పక్క పెట్టెలు రెండూ ఊరికే ఇస్తానన్నాడు డేన్. క్లెమ్ టైరు వాసన చూశాడు. చలికాలం చేతులు కొంకర్లు పోకుండా వేడెక్కే పిడులు కూడా వేయిస్తానన్నాడు.

చివరికి డేన్ నన్ను పక్కకు తీసుకెళ్లాడు. "మీవాడు ఈ బేరం ఎక్కడ నేర్చుకున్నాడండీ? ఇరవై నిమిషాలైంది, నా మీద నాకే అనుమానం వస్తోంది."

"ఆవుల దగ్గర," అన్నాను.

పోనీ ఒకసారి నడిపి చూడమని డేన్ తాళాలు ఇచ్చాడు. ఇరవై నిమిషాల్లో వచ్చేయమన్నాడు. క్లెమ్ రెండున్నర గంటల తర్వాత వచ్చాడు. అప్పటికి డేన్ ఒక ఆసుపత్రికి ఫోను చేసి, రెండోదాని నంబరు వెతుకుతున్నాడు. హెల్మెట్ అద్దం నిండా పురుగులు అతుక్కుని ఉన్నాయి. ఎక్కడికి పోయారండీ అని డేన్ దాదాపు ఏడుస్తూ అడిగాడు.

"వంపులు," అన్నాడు క్లెమ్.

డేన్‌కి ఆ మాటలో మెచ్చుకోలు కనపడలేదు. ఏదో లోపం ఎంచుతున్నాడనుకుని, ఇద్దరికీ రెండు మంచి హెల్మెట్లు, అందులో దారిలో మాట్లాడుకునే యంత్రం అమర్చినవి, అవీ ఊరికే ఇస్తానన్నాడు. అప్పుడు వచ్చింది గ్లెనిస్, రెండోసారి టీ తాగి. ఇంకా తెమల్లేదా అని విసుక్కుంది. లోపలికి రాగానే నచ్చేసింది కదా, ఆ చెవులు చూడండి ఎలా ఎర్రబడ్డాయో అంది. డేన్ ఆ చెవుల కేసి చూసిన చూపు నేను మరిచిపోలేను. నూట నలభై ఆవుల్ని అమ్మి నూట అరవై గుర్రాల్ని కొన్నాడని ఆ వారమంతా పబ్బులో ఒకటే నవ్వులు.

బండి ఇంటికొచ్చిన మొదటి వారంలోనే ఒకటి జరిగింది. కంకర మీద తిప్పుతుంటే బండి ఒక పక్కకు ఒరిగింది. రెండు వందల డెబ్భై కిలోలు. క్లెమ్ దాన్ని తొడతో, రెండు చేతులతో ఆపి పట్టుకున్నాడు. పైకి లేపలేడు, కిందికి వదల్లేడు. ఎవరినైనా కేకేయొచ్చు. వెయ్యలేదు. వంటింటి కిటికీలోంచి గ్లెనిస్ చూసి, బండిని కౌగిలించుకుని ఎంత మురిసిపోతున్నాడో అనుకుని, అంట్లు తోముకుంటూ పావుగంట అతన్నలా మురవనిచ్చింది.

నెల తిరిగాక ఆమె కూడా వెనక ఎక్కడానికి ఒప్పుకుంది. ఎక్కే ముందు, డేన్ చూపించినట్టే రెండు హెల్మెట్లకూ మీటలు నొక్కింది. మైకు దగ్గర పెట్టి "క్లెమ్, వినపడుతోందా?" అంది. జవాబు లేదు. జవాబు లేకపోవడం ఆ ఇంట్లో వింత కాదు గనక ఆమె ఏమీ అనుకోలేదు. అసలు సంగతి ఏమిటంటే, ఆమె మైకు తీగ లోపల ఊడి ఉంది. ఆమె మాట అతనికి వెళ్లదు. అతని మాట మాత్రం ఆమెకు వస్తుంది. క్లెమ్‌కు ఏ శబ్దమూ వినపడకపోయేసరికి యంత్రం పాడైందనుకున్నాడు. బాగు చేయించాలన్న తొందరేమీ లేదతనికి.

మిట్టా మిట్టా అనే ఊరు దాటి ఎత్తు మొదలయ్యాక గ్లెనిస్ చెవిలో ఎవరో మగమనిషి మాట్లాడటం మొదలుపెట్టాడు. రేడియో అనుకుంది. "రా తల్లీ, మెల్లగా, మెల్లగా, ఆ తొందరెందుకు నీకు," అంటున్నాడు. రేడియోలో ఇలాంటి కార్యక్రమం ఎప్పుడూ వినలేదే అనుకుంది. "ఇదిగో ఈ వంపు మోసగత్తె, రెండు మలుపులు దాచుకుంటుంది. నువ్వు మటుకు బంగారానివి." అప్పుడు గుర్తుపట్టింది. పొద్దున్నే షెడ్డులో ఆవులతో మాట్లాడే గొంతు అది. ముప్ఫై నాలుగేళ్ల కాపరంలో ఆవులకు మాత్రమే దక్కిన గొంతు.

అక్కడినుంచి ఓమియో దాకా క్లెమ్ నోరు మూయలేదు. పక్క పొలంవాడి కంచె ఎందుకు వంగిందో చెప్పాడు. రోడ్డు వేసినవాడు ఎక్కడెక్కడ తాగి వేశాడో చెప్పాడు. బావమరిది కీత్ నడిచే తీరు మీద ఒక ప్రసంగం చేసి, దాన్ని బాతు నడకతో పోల్చాడు. చర్చి పాట ఒకటి రాగం తప్పి పాడాడు. ఓమియోలో దిగి, బేకరీలో మాంసం కూరిన రొట్టె తింటూ కూర్చున్నప్పుడు, ప్రయాణం ఎలా ఉందని ఆమె అడిగింది. "బాగుంది," అన్నాడు.

గ్లెనిస్ అతనికి చెప్పలేదు. ఈ సంగతి తెలిసింది నాకూ మా ఆవిడకూ మాత్రమే, అదీ బైబిలు మీద ఒట్టు వేయించుకున్నాక. చెబితే ఆపేస్తాడని ఆమె భయం. "మొగుణ్ణి చూస్తున్నది ముప్ఫై నాలుగేళ్లుగా, వింటున్నది నాలుగు రోజులుగానే. అప్పుడే పోగొట్టుకోమంటావా?" అంది.

ఇక ఆదివారం వచ్చిందంటే ముందు తయారయ్యేది ఆమే. తోలు ప్యాంటు తొడుక్కోవడానికి మంచం మీద పడుకుని ఊపిరి బిగబట్టాల్సి వచ్చేది, అయినా సరే. వానైనా, చలైనా, ఎక్కడికి పోదాం అని గుమ్మంలో నిలబడేది. అయిదు నెలల్లో పద్నాలుగు వేల కిలోమీటర్లు తిరిగారు. ఆవిడకు బండి పిచ్చి పట్టిందని ఊరంతా అనుకుంది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, విన్నదాన్ని గ్లెనిస్ ఊరికే ఉంచుకోలేకపోయింది. గొర్రె మాంసం మరీ ఎండగొడుతోందని అతను దార్ట్‌మౌత్ మలుపుల్లో గొణిగితే, మర్నాడు మాంసం మెత్తగా వచ్చేది. నిమ్మకాయ పుడ్డింగు తిని ఎన్నాళ్లయిందో అని నిట్టూరిస్తే, సాయంత్రానికి బల్ల మీద అది ఉండేది. పడగ్గది కిటికీ తెర రంగు చూస్తే కడుపులో తిప్పుతోందన్నాడు, తెర మారింది. ఒక రోజు క్లెమ్ నడుచుకుంటూ మా ఇంటికి వచ్చాడు. అంతకుముందెప్పుడూ రాలేదు. టీ ఇస్తే తాగలేదు.

"గ్లెనిస్‌కి తెలిసిపోతోంది," అన్నాడు.

"ఏం తెలుస్తోంది?"

"అన్నీ."

మా ఆవిడ నవ్వాపుకోలేక పెరట్లోకి పరిగెత్తింది. క్లెమ్ చాలా లోతుగా ఆలోచించాడని, ఆ తర్వాత అరగంటలో ఒక్కొక్క ముక్కే బయటపెడితే నాకు తెలిసింది. ఇంట్లో కూర్చుని పంది మాంసం గురించి మనసులో గట్టిగా అనుకుని చూశాడట. రాలేదు. బండి మీద అనుకుంటే వచ్చింది. కాబట్టి వెనక సీటులో ఆమె పొట్ట ఇతని వీపుకు ఆనుకుని ఉండటం వల్ల ఆలోచనలు అటు పాకుతున్నాయని తేల్చుకున్నాడు. మధ్యలో దిండు పెట్టుకోవచ్చా అని నన్ను అడిగాడు. పెట్టి చూడమన్నాను. ఒట్టు వేసి ఉన్నాను, ఇంకేం చెప్పను. ఒక ఆదివారం సోఫా దిండు మధ్యలో ఇరికించుకుని వెళ్లారు కూడా. మంగళవారం పంది మాంసం వండింది ఆమె.

మార్చి నెలలో ఒక రోజు పెద్ద చుట్టు తిరిగారు. బ్రైట్ ఊరి మీదుగా హోథమ్ కొండెక్కి, అవతల ఓమియో వైపు దిగుతున్నారు. కొండ మీద గాలి నిలిచిపోయి, రోడ్డు ఖాళీగా ఉంది. క్లెమ్ ఉన్నట్టుండి బెండిగో ఊరి పేరెత్తాడు.

ఇరవై రెండేళ్ల కిందట గ్లెనిస్ పెట్టె సర్దుకుని బెండిగోలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. వెళ్లే ముందు, ఉండనా పోనా అని అడిగితే అతను నేల చూశాడు. మూడు వారాలున్నాక తనంతట తనే తిరిగొచ్చింది. అతను ఫోను చేయలేదు, ఉత్తరం రాయలేదు. ఆ విషయం వాళ్లిద్దరి మధ్యా మళ్లీ ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు ఆ కొండ దిగుతూ అతను చెప్పుకుంటున్నాడు. రెండో వారంలో, పొద్దుటి పాలు పితికి, ట్రక్కు వేసుకుని నాలుగు గంటలు నడిపి బెండిగో వెళ్లాడట. వీధికి అవతల ఆపాడట. గ్లెనిస్ తీగ మీద బట్టలు ఆరేస్తూ చెల్లెలితో నవ్వుతోందట. మా ఇంట్లో ఇలా నవ్వగా చూడలేదే అనుకున్నాడట. అరగంట కూర్చుని వెనక్కి తిరిగాడట.

గ్లెనిస్ రెండు పిడికిళ్లతో అతని వీపు మీద బాదడం మొదలుపెట్టింది. ఆవిడకు అవసరంగా దిగాలేమోననుకుని క్లెమ్ కంకర అంచుకు తీసి బండి ఆపాడు. ఆమె దిగి హెల్మెట్ లాగి పారేసింది.

"బెండిగో దాకా వచ్చి తలుపు కొట్టకుండా పోయావా?"

క్లెమ్ ఆమెను చూశాడు. కింద పడ్డ హెల్మెట్ చూశాడు. తన హెల్మెట్ తీసి దాని లోపలికి చూశాడు.

"పాలు పితికే టైమైంది," అన్నాడు.

ఆమె ఏడ్చిందో నవ్విందో తనకే తెలియదని తర్వాత మా ఆవిడతో చెప్పింది. ఒక్క మాట, క్లెమ్, ఒక్క మాట అంటే ఆ రోజే ట్రక్కెక్కేదాన్ని కదా అందట. నవ్వుతున్నావు అన్నాడట అతను. తర్వాత వెళ్లి రోడ్డు పక్క ఇనుప కమ్మీ మీద కూర్చున్నాడు. అయిదు నెలల ఆదివారాలు ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటున్నాడని మొహం చూస్తే తెలుస్తోందట.

"ఎప్పట్నించి?" అన్నాడు.

"మొదటి రోజు నుంచి."

"కీత్ బాతు?"

"అదీ విన్నాను. నిజమే, అచ్చం అలాగే నడుస్తాడు."

ఆ తర్వాత మూడు ఆదివారాలు క్లెమ్ బండి మీద కూడా నోరు విప్పలేదు. పాట లేదు, వంపులతో ముచ్చట్లు లేవు. మూడోసారి తిరిగొస్తూ గ్లెనిస్ మా ఇంటి ముందు బండి ఆపించింది. హెల్మెట్ నా చేతిలో పెట్టి, ఇంతకాలం నా మాట అతనికెందుకు వెళ్లలేదో చూడమంది. లోపలి గుడ్డ విప్పితే ఊడిన తీగ కనపడింది. గుచ్చడానికి అర నిమిషం కూడా పట్టలేదు. క్లెమ్ పక్కన నిలబడి నన్ను చూసిన చూపు, మందను అమ్మిన రోజు చివరి లారీని చూసిన చూపులా ఉంది.

మరుసటి వారం ఊరు దాటగానే అతని చెవిలో ఆమె గొంతు మోగింది. ఉలిక్కిపడి బండి ఆపేశాడట. భయపడకు, పోనీ అందట. నువ్వు మాట్లాడకపోతే ఓమియో దాకా నేనే మాట్లాడతాను, మా చెల్లి మోకాలి నుంచి మొదలుపెడతాను అని హెచ్చరించిందట. మోకాలి దాకా ఓర్చుకున్నాడు. భుజం ఆపరేషను మొదలయ్యేసరికి, గ్లెన్ విల్స్ దగ్గర లొంగిపోయాడు.

"ఆగు. నేను మాట్లాడతా," అన్నాడట.

ఇప్పుడు వాళ్ల పద్ధతి ఇదే. ఇంట్లో అతను ఎప్పటిలాగే "ఉప్పు", "వాన", "ఊఁ". ఏదైనా తేల్చుకోవాల్సింది ఉంటే ఇద్దరూ తోలు బట్టలు తొడుక్కుని కొండెక్కుతారు. ఎగువ పొలం అమ్మాలా వద్దా అన్నది ఫాల్స్ క్రీక్ కొండ ఎక్కేటప్పుడు తేలింది. క్రిస్మస్‌కు కీత్‌ని పిలవాలా అన్నదానికి రెండు ట్యాంకుల పెట్రోలు పట్టింది. బండి మీద పోట్లాడుకుంటారు కూడా. ఒకసారి మా ఇంటి ముందు నుంచి వెళ్తుంటే చూశాను. ఆవిడ చెయ్యి గాలిలో తిప్పుతోంది, అతని హెల్మెట్ అటూ ఇటూ ఊగుతోంది.

పోయిన జూలైలో, మా వైపు చలికాలం నడిమధ్య, వారం రోజులు ముసురు పట్టింది. కొండ మీద మంచు పడి రోడ్డు మూసేశారు. నిచ్చెన అడగడానికి వాళ్ల ఇంటికి వెళ్లాను. ఇంట్లో ఎవరూ లేరు. పాలు పితికే పాత షెడ్డులో దీపం వెలుగుతుంటే వెళ్లి తొంగిచూశాను. బండి స్టాండు మీద నిలబెట్టి ఉంది. ఇంజను ఆపేసి ఉంది. దాని మీద ఇద్దరూ హెల్మెట్లు పెట్టుకుని, ముందు అతను, వెనక ఆమె, తిన్నగా ఎదుటి గోడ కేసి చూస్తూ కూర్చుని ఉన్నారు. అతని చేతులు వేడెక్కే పిడుల మీద ఉన్నాయి. రేకుల మీద వాన చప్పుడు తప్ప నాకేమీ వినపడలేదు. కానీ అతని భుజాలు కదులుతున్న తీరు చూస్తే మంచి ఊపులో ఉన్నాడని తెలుస్తోంది.

గ్లెనిస్ నన్ను చూసి అద్దం పైకెత్తింది.

"కాస్సేపు కూర్చో రస్," అంది. "వంటింటి పైకప్పు సంగతి ఇంకా తేలలేదు."

అద్దం దించేసుకుంది. నేను పాత పాల క్యాను ఒకటి బోర్లించుకుని కూర్చున్నాను.